నిదానమ్మ సిఫారసు ఉత్తరం

కూతురికి ఇంట్లో పెట్టుకున్న పేరు నిదానమ్మ. తొమ్మిదేళ్ళ పిల్ల. పాలు తాగడానికి అరగంట, జడ వేయించుకోవడానికి అరగంట, బూట్ల లేసులు కట్టుకోవడానికి ఇంకో అరగంట. బడి వదిలాక గేటులోంచి అందరికంటే చివర వచ్చేదీ ఆ పిల్లే. తండ్రి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని చేస్తాడు. పని మధ్యలో పర్మిషన్ అడుక్కుని వచ్చి, గేటు దగ్గర వాచీ చూసుకుని చూసుకుని, "ఏమ్మా, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతున్నావా?" అని రోజూ విసుక్కునేవాడు. పిల్ల నవ్వి ఊరుకునేది.

తల్లి ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగి. కంపెనీ ఆమెను నాలుగేళ్ళకు విదేశానికి బదిలీ చేసింది. అక్కడ పిల్లను ప్రైవేటు స్కూల్లో చేర్పించండి, ఫీజు సంగతి మేం చూసుకుంటాం అంది. మొగుడూ పెళ్ళాలు ఎగిరి గంతేశారు. తీరా చూస్తే స్కూలు సీటు కంటే వీసా రావడమే నయమనిపించింది. మూడు స్కూళ్ళకు మూడు దరఖాస్తులు. టీకాల కాగితాలు, పాత మార్కుల కాగితాలు, 'మీ అమ్మాయి గురించి మీ మాటల్లో' అని ఒక పేజీ. తల్లి అన్నీ చకచకా నింపేసింది. మిగిలింది క్లాసు టీచరు రాయాల్సిన సిఫారసు. అది టీచరే రాసి, కవరు అంటించి, పైన సంతకం చేసి ఇవ్వాలట.

ఆ పని తండ్రి నెత్తిన పడింది. మొదటిసారి అడిగితే "రేపివ్వనా అండీ?" అంది టీచరమ్మ. రెండోసారి "ఎల్లుండి" అంది. మూడోసారి తను లేదని చెప్పించింది గానీ, స్టాఫు రూము తలుపు వెనక ఆమె గొడుగు వేలాడుతూనే ఉంది.

"పిల్ల వెళ్ళిపోతోందని ఆవిడకి కోపమేమో," అన్నాడు ఇంటికొచ్చి.

"కోపమైతే మనమేం చేస్తాం? శుక్రవారం ఆఖరు. కాళ్ళావేళ్ళా పడైనా తీసుకురండి," అంది భార్య.

గురువారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలు ఆటలకు వెళ్ళినప్పుడు అతను క్లాసులోకే వెళ్ళాడు. టీచరమ్మ ఒక్కతే ఉంది. మూడు ఫారాలూ బల్ల మీద పరుచుకుని కూర్చుంది. అతన్ని చూసి, ఇక తప్పదన్నట్టు ముందు బెంచీ చూపించింది. పిల్లల బెంచీ కావడంతో మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చున్నాడు.

"నన్ను తిట్టుకుంటూ ఉండుంటారు," అంది.

"అబ్బే, లేదండీ," అన్నాడు, తిట్టుకున్నాడు కాబట్టి తల వంచుకుని.

"ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. కార్డుల్లో 'బాగా చదువుతోంది', 'ఇంకా కృషి చేయాలి' అని రాయడమే. ఒక పిల్ల గురించి ఇంత రాయమని నన్నెవరూ అడగలేదు. ఇప్పటికి ఐదు కాగితాలు చింపాను."

మాట్లాడుతుంటే ఆమె కళ్ళజోడు ముక్కు మీంచి జారిపోతోంది. అతనికి చెయ్యి ఊరుకోలేదు. అడిగి తీసుకుని, జేబులోని చిన్న స్క్రూడ్రైవరుతో మర బిగించి ఇచ్చాడు. ఆమె పెట్టుకుని, అటూ ఇటూ తల తిప్పి, కాస్త స్థిమితపడింది.

"తల్లిదండ్రులకు చూపించకూడదని ఫారంలో ఉంది. కానీ మీకు చెప్పకుండా అంటించేయడానికి మనసొప్పలేదు," అంటూ ఒక కాగితం ముందుకు జరిపింది.

చదవడం దగ్గర 'బాగుంది' అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. లెక్కల దగ్గర 'సగటు కంటే తక్కువ'. అతను ఆ గడి మీద వేలు పెట్టాడు.

"ఇది చూస్తే ఎవరైనా సీటిస్తారా అండీ?"

"ఇవ్వకపోవచ్చు. మీరు మార్చమంటే మారుస్తాను. కానీ అక్కడ లెక్కల క్లాసులో పిల్ల బిక్కమొహం వేస్తే పక్కన నేనుండను కదా. ముందే తెలిస్తే వాళ్ళు చూసుకుంటారు."

అతను కింద రాసింది చదివాడు. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు, బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు.

'మా క్లాసులో ఒక అమ్మాయి కాలికి ఇనుప పట్టీలు వేసుకుని నడుస్తుంది. మెట్లు దిగడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది. రెండేళ్ళుగా ఈ పిల్ల రోజూ ఆమె పక్కనే దిగుతోంది. చెయ్యి పట్టుకోదు, సంచీ మొయ్యదు. కబుర్లు చెబుతూ దిగుతుంది. చూసేవాళ్ళకు ఇద్దరూ కబుర్లలో పడి ఆలస్యమైనట్టు ఉంటుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. నేను గమనించానని ఆ పిల్లకు తెలియదు.'

రెండుసార్లు చదివాడు. రెండోసారి అక్షరాలు సరిగ్గా కనపడలేదు.

"రోజూ గేటు దగ్గర కోప్పడుతూనే ఉన్నానండీ. ఒక్కరోజు కూడా నాతో అనలేదు."

"అనదు. అంటే ఆలస్యం ఆ అమ్మాయి వల్ల అన్నట్టు అవుతుంది కదా."

కింద మైదానంలో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"అంటించేయండి," అన్నాడు.

ఇంట్లో సంగతి చెప్పగానే భార్య మండిపడింది. "సగటు కంటే తక్కువ అని రాస్తే చూస్తూ వచ్చారా? మీ నోరేమైంది?" అప్పుడు మెట్ల సంగతి చెప్పాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్క గదిలో నిదానమ్మ ఇంకా బూట్లు విప్పుకుంటూనే ఉంది.

"నేను ఆ పేజీలో ఏం రాశానో తెలుసా?" అంది చాలాసేపటికి. "చురుకైన పిల్ల, ఏ పనైనా ఇట్టే ముగిస్తుంది అని రాశాను." కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ పేజీ తీసేసి, కొత్తది రాయడానికి కూర్చుంది.

రెండు పెద్ద స్కూళ్ళు సీట్లు నిండాయని మర్యాదగా తిప్పి పంపాయి. మూడోది చిన్నది. పిల్లతో వీడియోలో మాట్లాడతామంది. తెర మీద నెరిసిన జుట్టు హెడ్‌మిస్ట్రెస్ పలకరించింది. అవీ ఇవీ అడిగి, "ఏడు ఎనిమిదులెంత?" అంది.

పిల్ల ఆలోచించింది. తల్లి పెదవి కొరుక్కుంది. తండ్రికి జవాబు అందించేయాలని నాలుక దురద పెట్టింది.

"అది నాకు రాదు. ఏడు ఏడులు నలభై తొమ్మిది, అది వచ్చు," అంది పిల్ల. మళ్ళీ ఆలోచించింది. వేళ్ళు ముడిచింది, విప్పింది. ఒక నిమిషమైనా గడిచి ఉంటుంది. ఆ పెద్దావిడ తొందరపెట్టలేదు, వాచీ చూడలేదు, ఇంకో ప్రశ్నకు పోలేదు. చెంపకు చెయ్యి ఆన్చుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

"యాభై ఆరు," అంది పిల్ల.

"అవును," అందావిడ, తనకూ ఇప్పుడే తెలిసినట్టు.

సీటు వస్తే ఇక్కడే రావాలని తండ్రి ఆ క్షణంలో అనుకున్నాడు. పది రోజులకు ఇచ్చారు. వారానికి రెండుసార్లు లెక్కల్లో విడిగా సాయం చేస్తామని కూడా రాశారు.

కాగితం పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఆసాంతం చదివి, మడత పెట్టి ఇచ్చేసింది. సంతోషపడిందో దిగులుపడిందో ముఖం చూస్తే తెలియలేదు.

"ప్రయాణం ఎప్పుడు?"

"ఇంకా నలభై రోజులుందండీ."

"అయితే సాయంత్రాలు మా ఇంటికి పంపండి," అంది. "వాళ్ళు వారానికి రెండుసార్లే అంటున్నారు. ఈలోగా ఎనిమిదో ఎక్కం నేను పూర్తి చేయించి పంపుతాను."