తోమిన పిస్టన్

ఇటుకపొడితో పిస్టన్‌ను తోమే మనిషి ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటాడా? మా ఇంట్లో ఉన్నాడు. మా నాయన యేసుదానం.

నాకు కొత్తగూడెంలో ఇంటి పక్కనే లేత్ షెడ్డు ఉంది. బొగ్గు రైళ్ళ లైనులో నాయన నడిపిన ఆవిరి ఇంజన్‌కు మూరెడు నమూనా చేయాలని కూర్చున్నాను. బొమ్మ కాదు, నిజంగా ఆవిరితో నడవాలి. పాత గీజర్ రాగి గొట్టం కోసి బాయిలర్ చేశాను. చక్రాలు లేత్ మీద తీశాను. అన్నిటికంటే నా ప్రాణం తీసింది ఇత్తడి పిస్టన్. సిలిండర్‌లో అది బిగుసుకోకూడదు, పక్కనుంచి ఆవిరి జారకూడదు. ఎన్నిసార్లో చెడగొట్టి చివరికి కుదిర్చాను. నాయనకు చూపు పోయింది. గుండె కూడా ఇక ఎక్కువకాలం కొట్టుకోదని ఖమ్మం డాక్టర్ మొహం మీదే చెప్పాడు. "పోయేలోపు దాని దమ్ము సప్పుడు ఒక్కసారి వినాలెరా" అన్నాడు నాయన. రెండువేల ఆరు ఈస్టర్‌నాడు వినిపిస్తానని మాటిచ్చాను.

ఆ రోజు ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి చూస్తే, నూనె పెట్టడానికి విప్పి ఉంచిన భాగాలన్నీ పండక్కి తోమిన చెంబుల్లా మెరుస్తున్నాయి. పిస్టన్ కూడా! తడిమితే గరుకు. అరిగిపోయి, సిలిండర్‌లో దూరిస్తే లొడలొడలాడింది. నా ఒళ్ళు మండిపోయింది.

"తబితా! ఈయనకు చింతపండు, ఇటుకపొడి ఎవరిచ్చిన్రు?"

నా భార్య వంటింట్లోంచే అందుకుంది. "నేనే ఇచ్చిన! మామ అడిగితే ఇయ్యనా? ఇంజన్ తోమకుండ బండి తియ్యొద్దన్నడు. నామీద ఎగురుడెందుకు?"

నాయన మంచం మీద దర్జాగా కూర్చున్నాడు. "రైలింజన్ల షెడ్డుల క్లీనర్‌గ చేరిన కాడినుంచి ఇత్తడి తోమకుండ ఏ బండీ ఎక్కలే నేను."

"అది బయటి ఇత్తడి నాయనా! లోపలి పిస్టన్‌ను ఎవడన్న తోముతడా?"

"చేతికి ఇత్తడి తగిలింది, తోమిన. కండ్లుంటే తెలుస్తుండె."

నా కోపం మాత్రం దిగలేదు. అన్నీ కడిగి బిగించి, దానికోసం వేసిన చిన్న పట్టాల మీద పెట్టి, స్పిరిట్ దీపం వెలిగించాను. పుట్టిన ఆవిరంతా పిస్టన్ పక్కనుంచి బుస్సుమని పోయింది. చక్రం కదిలితే ఒట్టు. నాయన చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ ముఖం చూడలేక, పళ్ళు కొరుక్కుంటూ ఇంజన్‌ను వేలితో తోశాను.

"నడుస్తుంది నాయనా."

"వేలు తియ్యిరా!" ఇల్లు అదిరేలా అరిచాడు. "దమ్ము కొట్టకుంట నడిస్తే అది ఇంజనా, తోపుడుబండా? గుడ్డోన్నయితే అయిన, నన్ను చెవిటోన్ని గూడ చేస్తవా?"

వేలు తీశాను. ఆయనకు ఆయాసం ముంచుకొచ్చింది. తబితా నీళ్ళు తెచ్చినా ముట్టలేదు. ఛాతీ పట్టుకుని, "కొత్త పిస్టన్ చెయ్యి" అన్నాడు. "అది వినేదాంక నేను సావను." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "కానీ జల్దీ చెయ్యి బిడ్డా."

పండగ చొక్కా కూడా విప్పకుండా వెళ్ళి లేత్ ఆన్ చేశాను.