కుంగని నేల

బావమరిది ఇంట్లో బాత్రూమ్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. బావమరిది లోపలుంటే పేపరుతో ఉంటాడు, అతని భార్య లోపలుంటే ఫోనుతో ఉంటుంది, కూతురు లోపలుంటే అద్దంతో ఉంటుంది. సెక్రటరీ గారు మాత్రం బయట తువ్వాలుతో ఉంటారు. తలుపు కొట్టే హక్కు ఆయనకి లేదు. చుట్టపుచూపుగా వచ్చినవాడు తలుపు కొట్టొచ్చు. ఏడాది దాటి తిష్ట వేసినవాడు గొంతు సవరించుకోవాలి, అంతే.

"వచ్చేస్తున్నా బావగారూ," అంటాడు బావమరిది లోపల్నుంచి. రావడం మాత్రం జరగదు.

"ఎందుకండీ ఆ దగ్గు? వాళ్లేమనుకుంటారు?" అంటుంది సెక్రటరీ గారి భార్య గొంతు తగ్గించి. "రెండు బాత్రూములున్న కొంపని దగ్గరుండి కూల్పించారు. ఇప్పుడు దగ్గుతూ నిలబడండి."

ఆయన ఫ్లాట్ల సంఘానికి సెక్రటరీ. ఫ్లాట్లు పోయాయి గానీ పదవి పోలేదు. మెట్ల మీద చెప్పులు విడవకూడదన్న రూలు, మెట్లు లేకపోయినా, ఇంకా అమల్లోనే ఉంది.

నిజానికి ఆ మూడంతస్తుల బిల్డింగ్‌కి ఏ రోగమూ లేదు. దాని ఖర్మల్లా ఎదురు బిల్డింగ్ వాళ్లు తమది కూల్చి కొత్తది కట్టిస్తున్నామని చెప్పడమే. లిఫ్టట, జిమ్మట, డాబా మీద ఈత కొలనట. "వాళ్లు ఈత కొడుతుంటే మనం కిటికీల్లోంచి చూస్తూ కూర్చోవాలా?" అని మీటింగులో ఒకావిడ అడిగింది. ఆవిడకి ఈత రాదు. అక్కడున్న ఎవరికీ రాదు. అయినా అందరికీ కడుపు రగిలిపోయింది.

బిల్డరు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "కడతాను సార్. కానీ నిక్షేపంలాంటి బిల్డింగ్ కూలుస్తామంటే మున్సిపల్ ఆఫీసువాళ్లు ఒప్పుకోరు. పడిపోయేలా ఉందని ఇంజనీరు చెప్పాలి."

"అది మాకు వదిలెయ్యండి," అన్నారు సెక్రటరీ గారు.

ఆ రోజు నుంచి బిల్డింగ్‌లో ఎన్నడూ లేని ఐకమత్యం వచ్చింది. నీళ్ల ట్యాంకు కడగడానికి ఒక్కడూ రాని జనం సీలింగ్ పెచ్చులు రాలగొట్టడానికి స్టూళ్లు పట్టుకుని క్యూ కట్టారు. పై అంతస్తు లెక్చరరు తన బెడ్‌రూమ్ గోడకి పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు నీళ్లు కొట్టి చెమ్మ పెంచాడు. భార్య పూలకుండీకి అంత శ్రద్ధగా ఎప్పుడూ పోయలేదు.

ఒక్క టైలరమ్మే కుదరదంది. కింది ఫ్లాట్లో వీధి వైపు కిటికీ పక్కన ఆవిడ మిషను. "నా గిరాకీ అంతా ఈ కిటికీలోంచే వస్తుంది అన్నయ్యగారూ. ఉండేదే కింద. నాకు లిఫ్టెందుకు, భూమిలోకి దిగడానికా?"

అందరూ ఒప్పుకుంటే గానీ కూల్చడానికి లేదు. ఓ రోజు ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్తూ, అలవాటుగా తాళం సెక్రటరీ గారికి ఇచ్చింది. ఆయన అంతకంటే నమ్మకంగా స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికెళ్లారు. నేల నుంచి కిటికీ దాకా గోడలో ఓ పగులు తీశారు. సరళరేఖలా వస్తే అనుమానం వస్తుందని మధ్యలో రెండు వంకర్లు కూడా తిప్పారు. దుమ్ము తుడిచి, చీపురు ఉన్నచోటే పెట్టి, తలుపేసి వచ్చారు.

టైలరమ్మ తిరిగి రాగానే ఆయనే పగులు చూపించారు. ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"మిషను ఇక్కడే కదమ్మా ఉండేది," అన్నారు సెక్రటరీ గారు దిగులుగా. "నీ నెత్తి మీద పడితే?"

ఆవిడ ఆ సాయంత్రమే ఒప్పుకుంది. పైగా, "సమయానికి మీ కంటబడింది, దేవుడిలా చూసుకున్నారు," అంది. ఆయన పర్లేదమ్మా అన్నారు.

ఇంజనీరు వచ్చాడు. పెచ్చులు చూశాడు, చెమ్మ చూశాడు, ఓ చిన్న సుత్తితో స్తంభాలు కొట్టి విన్నాడు. "ఇదంతా పైపై పూతేనండీ. బిల్డింగ్ ఉక్కులా ఉంది. మీ మనవలు కూడా ఉండొచ్చు," అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఆ మాటకి కాఫీ ఇప్పించేవారు. వీళ్ల మొహాలు చావు కబురు విన్నట్టు మాడిపోయాయి.

అప్పుడు సెక్రటరీ గారికి మెరుపులా తట్టింది. "పైన బానే ఉంటుంది సార్. కుంగుతోంది నేల! చూడండి," అని లెక్చరరు బాల్కనీలోకి తీసుకెళ్లి నేల మీద గోళీ వదిలారు. గోళీ బుద్ధిగా దొర్లుకుంటూ మూలకి పోయింది. వాననీళ్లు పోవడానికి ప్రతి బాల్కనీనీ ఆ మాత్రం వాలుగానే కడతారు. ఆ సంగతి ఇంజనీరుకి తెలియదని కాదు. కానీ అప్పటికి మధ్యాహ్నమైంది, ఆకలేస్తోంది, చుట్టూ ఇంతమంది "అయ్యో, అయ్యో" అంటున్నారు. సరే, కుంగుతోందన్నాడు. ఇంజనీరు గేటు దాటగానే అందరూ చప్పట్లు కొట్టారు. లెక్చరరు సెక్రటరీ గారిని కౌగిలించుకున్నాడు.

కూల్చడం ఓ పట్టాన తెమల్లేదు. మెషిను నడిపేవాడు రోజూ తిట్టాడు. "కూలిపోతోందని చెప్పిన మొనగాడెవడు? వాణ్ణొచ్చి కూల్చమనండి! నా మెషిన్ పళ్లు ఊడుతున్నాయి!" మొనగాడు అక్కడే గొడుగు కింద నిలబడి వీడియో తీసుకుంటున్నారు.

కూలింది. కొత్తది కడతామని బిల్డరు ఆఫీసుకెళ్తే వాళ్లు నవ్వారట. "నేల కుంగుతోందని మీరేగా చెప్పారు? అక్కడ పిట్టగోడ కూడా కట్టనివ్వం."

ఇప్పుడక్కడ నడుమెత్తు పిచ్చిమొక్కలున్నాయి. ఆనుకుని ఉన్న పక్క బిల్డింగ్ గోడ మీద వీళ్ల గదుల రంగులు ఇంకా అంటుకునే ఉన్నాయి, పైన గులాబీ, మధ్యలో ఆకుపచ్చ, ఓ మూల ఎవరివో బాత్రూమ్ టైల్స్. ఆదివారాలు ఫ్లాట్లవాళ్లు వచ్చి, తలెత్తి, తమ బెడ్‌రూములు చూసుకుని పోతారు. ఎదురు స్థలం కూడా ఖాళీయే. వాళ్ల బిల్డరు ఫోనెత్తడం లేదు. అది తెలిశాక వీళ్లకి కొంచెం ఊరటగా ఉంది.

టైలరమ్మ ఆ స్థలం అంచునే, తన కిటికీ ఉండిన చోట, ప్లాస్టిక్ పట్టా కట్టుకుని మిషను తొక్కుతోంది. వానొస్తే బట్టల మీద పడుకుంటుంది, అవి తడవకుండా.

మొన్న ఆదివారం అక్కడే మీటింగ్ పెట్టారు. బిల్డరు ఓ దారి కనుక్కున్నాడు. నేల గట్టిదేననీ, కుంగుతోందన్నది పొరపాటనీ ఫ్లాట్లవాళ్లంతా కలిసి ఆఫీసుకెళ్లి చెబితే మళ్లీ పరీక్ష చేయిస్తారట.

"పొరపాటు పడింది మేం కాదు కదా," అన్నాడు లెక్చరరు. "గోళీ వదిలింది సెక్రటరీ గారు."

"బాల్కనీ మీదే కదండీ!" అన్నారు సెక్రటరీ గారు.

"గోళీ మీది!"

కాసేపటికి అందరూ సర్దుకుని సరే, వెళ్దామన్నారు. టైలరమ్మ మిషను ఆపింది.

"నేను రాను."

"ఏమ్మా?"

"గట్టి నేలంటే నేనెలా నమ్ముతాను? గోడ నిలువునా చీలడం కళ్లారా చూశాను. అన్నయ్యగారు చూడబట్టి బతికాను. ఇక్కడ మళ్లీ కడితే మీ పిల్లలంతా దాని కిందే పడుకుంటారు. చూస్తూ చూస్తూ ఆ పాపం నేను కట్టుకోలేను." సెక్రటరీ గారి వైపు తిరిగింది. "మీరే చెప్పండి అన్నయ్యగారూ. ఆ పగులు నిజమా కాదా?"

అందరూ ఆయన వంక చూశారు. లెక్చరరు కళ్లతోనే చెప్పెయ్యమని సైగ చేశాడు. లెక్చరరుకి స్క్రూడ్రైవర్ సంగతి తెలుసు. అది అరువిచ్చింది అతనే.

సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. "వచ్చే ఆదివారం మాట్లాడదాం," అన్నారు.

ఆ ఆదివారం ఎల్లుండే. చెబితే అందరికీ ఇళ్లొస్తాయేమో గానీ, వానలో బట్టల మీద పడుకునే మనిషి కళ్లలోకి ఆయన ఎలా చూడాలి? చెప్పకపోతే ఆ పట్టా కింద ఆవిడా, ఆ బాత్రూమ్ బయట ఆయనా, ఎన్నాళ్లని? భార్యనడిగితే, "ఆ రోజు నన్నడిగి తీశారా పగులు?" అంది. బావమరిదికి తోచింది ఒకటే, "త్వరగా తేల్చండి బావగారూ." పాపం ఆయనకి సలహా చెప్పేవాడే లేడు. అయ్యా, అమ్మా, ఇలాంటి ఫ్లాట్లలోనే ఉన్నారు కదా మీరూ, మీకేమైనా తోస్తే చెప్పండి, మీకు పుణ్యముంటుంది. ఇంకో అబద్ధం మాత్రం చెప్పకండి, అది ఆయనకి ఇప్పటికే తట్టింది.