ఒక్క పేజీ ఉంచిన

కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు నేను పొద్దున్నే మినపపప్పు రుబ్బుతున్నాను. పాత కంప్యూటర్‌లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి మరిది రాఘవేందర్ వస్తున్నాడని, వాడికి గారెలంటే పానమని, మా అత్త దుర్గాబాయి ముందురోజే పప్పు నానబోయించింది. "పైసలు తీసుకోకుండ చేస్తుండు పిల్లగాడు. కడుపు నిండ వెట్టాలె గదా" అంది. నిజమే. పైసలు తీసుకోకుండా చేసేవాళ్లకు కడుపు నిండా పెట్టాలి. ఆ మాట నాలో కాసేపు తిరిగి, గ్రైండర్ చప్పుడులో కలిసిపోయింది.

మాది మేడ్చల్‌లో రోడ్డు మీది ఇల్లు. ముందుగదే దుకాణం. 'లక్ష్మణ్ గ్రాఫిక్స్' అని బోర్డు. లక్ష్మణ్ మా ఆయన. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, కండ్లకోయ కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఇప్పుడు శామీర్‌పేట చుట్టూ లేస్తున్న ప్లాట్ల వెంచర్ల పాంప్లెట్లు మా పని. ఆయన ఆర్డర్లు తెస్తాడు, ప్రెస్సుకు తీసుకుపోతాడు, గిరాకీలతో ఛాయ్ తాగుతాడు. టైపు చేసేది నేను. పదో తరగతి పాసై వచ్చాను. మిగతాది ఆయనే నేర్పాడు, ఆ సంగతి మర్చిపోకూడదు. "లక్ష్మణన్న పని మస్తు సాఫ్‌గుంటది" అంటారు గిరాకీలు, నా వీపు వెనక నిలబడి. ఒక కార్డులో ముహూర్తం తప్పు పడితే మాత్రం, "ఇంట్ల నీడకు కూసొని చేసుడే గదనే, గది గూడ సక్కగ రాదా?" అని ఆయన అందరి ముందే కాగితం నా ఒళ్లో పడేశాడు. ఆ తేదీ ఆయన రాసి ఇచ్చిందే. నేను చెప్పలేదు. చెబితే మాత్రం ఏమవుతుంది?

మా బిడ్డ శృతికి చిన్నప్పుడు జ్వరం ఎంతకీ దిగకపోతే రామకోటి రాస్తానని మొక్కుకున్నాను. పుస్తకం కొన్నాను. కానీ పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఈ ఇంట్లో ఎవరికీ అది పనిలా కనిపించదు. "ఖాళీగనే ఉన్నవ్ గదా, గా బట్టలు మడతవెట్టు." "ఖాళీగనే ఉన్నవ్ గదా, మీ ఆడిబిడ్డకు ఫోన్ జెయ్యి." పది నామాలు రాసేసరికి నాలుగుసార్లు లేవాలి. ఒకరోజు నేను టైపు చేస్తుంటే అత్త గుమ్మం దాకా వచ్చి, చూసి, "ఓ, పనిల ఉన్నవా" అని వెనక్కి మళ్లింది. నాకప్పుడు తోచింది. మరునాడే కొత్త ఫైలు ఒకటి తెరిచి 'శ్రీరామ' అని కొట్టాను. మళ్లీ కొట్టాను. కీబోర్డు టకటకమంటున్నంత సేపు నన్నెవరూ పిలవలేదు.

ఏళ్లుగా అదే. కార్డుకూ కార్డుకూ మధ్య, ప్రింటు వచ్చేలోపు, గిరాకీ వస్తానన్న వేళకు రాకపోతే. ఒకసారి ఆయన చూసి పడీపడీ నవ్వాడు.

"పిచ్చిదానా, ఒక్కపారి కొట్టి కాపీ జేస్తే అయిపాయె గద!"

"అట్ల జేస్తే లెక్కకు రాదు" అన్నాను.

"రాముడు వచ్చి నీ కీబోర్డు చూస్తడా?"

ఆ ముచ్చట చుట్టాలందరికీ చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను. నాకు మాత్రం ఆ ఫైలులో ఏ రోజు ఎక్కడుందో తెలిసినట్టే ఉండేది. ఇక్కడ గ్యాసు అయిపోయిన రోజు, ఇక్కడ మా బాపు పోయాక మొదటి రోజు, ఇక్కడ ముహూర్తం కార్డు నా ఒళ్లో పడ్డ రోజు. తెరిచి చూస్తే ఏమీ కనబడవు. అన్నీ ఒక్క తీరే ఉంటాయి.

రాఘవేందర్ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు. మంచివాడు. వచ్చీరాగానే పాత డబ్బాకు నేను పాత చీరతో కుట్టిన గలీబు తీసి మడతపెట్టి నా చేతికిచ్చాడు. నేను కొత్తదానికి కుంకుమ పెట్టబోతే, "వదినా, స్క్రీన్ మీద వెట్టకు, ఖరాబైతది. పక్కకు వెట్టు" అన్నాడు. పాత డిస్కు ఊడదీసి కొత్తదానికి వైరుతో తగిలించాడు. నేను అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏది ఏ గిరాకీదో చెప్పాలి కదా. నా ఫైలు సంగతి కూడా చెబుదామనే ఉంది. చెబితే నవ్వుతాడేమోనని ఆగాను. అంతలోనే లోపలి నుంచి అత్త కేక.

"నాగమణీ, నూనె కాగుతున్నది! వాడు చూస్కుంటడు తియ్యి, నీకేం తెలుస్తది అండ్ల?"

లేచాను.

గారెలు వేస్తున్నంతసేపు ముందుగదిలోంచి అన్నదమ్ముల మాటలు వినపడుతూనే ఉన్నాయి, ప్లాట్ల ధరలు, ఎవరో దూలపల్లిలో షెడ్డు వేసిన సంగతి. ఇద్దరూ చేతులు కడుక్కుని వచ్చి పీటల మీద కూర్చున్నారు. రెండో వాయి పళ్లెంలో వేస్తుంటే రాఘవేందర్ అన్నాడు:

"వదినా, గా రామా అనే ఫైలేంది? తెరుచుకునుడే పరేషాన్ జేసింది. సూస్తే ఎంత దూరం పోయినా ఒక్కటే మాట. నేనైతే వైరస్ అనుకున్న!"

మా ఆయన గారె నములుతూనే నవ్వాడు. "వైరస్ గాదురా, మీ వదిన రామకోటి."

"అన్న చెప్పిండు తర్వాత. ఒక్క పేజీ ఉంచిన వదినా, మిగిలింది తీసేసిన. అంతా అదే గదా. నీకు కావాలంటే కాపీ కొట్టుకోవచ్చు."

"పాత దాంట్ల ఉంటది గదా?" అన్నాను.

"అది సాఫ్ జేసేసిన. సూరారంల అక్క వాళ్ల పిల్లలకు ఇయ్యమన్నడు అన్న. చట్నీ మస్తున్నది వదినా, ఇంకొంచెం ఎయ్యి."

చట్నీ వేశాను. ఇంకో గారె కూడా వేశాను. ఏం చెయ్యాలో తెలియకపోతే నా చెయ్యి వడ్డిస్తుంది. అతను చెడ్డపని చేశాడని అనలేను. దొంగతనం కాదు, దెబ్బ కాదు. ఒక్కటే మాట వేలసార్లు ఉంటే ఒక్కసారికి తగ్గించాడు. ఎవరితో కొట్లాడను? పోలికైనా చెప్పలేను: మీ అన్న తిన్న అన్నం కూడా రోజూ ఒక్క తీరే, ఒక్కరోజుది ఉంచి మిగతావి తీసేస్తావా అని అడిగితే అన్నం వేరు అంటారు.

నా మొహం చూసి మా ఆయనకు జాలేసినట్టుంది. చేతులు కడుక్కుని నన్ను ముందుగదిలోకి పిలిచాడు. అత్త కూడా వెనకే వచ్చింది.

"సూడు. మొత్తం పట్టిన. కాపీ. ఇగో, పెట్టిన. మల్ల పెట్టిన." కొత్తది కదా, చాలా వేగం. పేజీలు కిందికి జారిపోతూనే ఉన్నాయి. "నువ్వు ఇన్నేండ్లు కొట్టినదానికంటె ఎక్కువ. ఇగ ఖుషీయేనా?"

"రామ రామ! గింత జల్దీ!" అని అత్త చెంపలేసుకుని స్క్రీన్‌కు దండం పెట్టింది.

"ఊ" అన్నాను.

పాత డబ్బాను ఆటోలో ఎక్కించారు. గలీబు నా చేతిలోనే ఉండిపోయింది.

మరునాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక కొత్తదాని ముందు కూర్చున్నాను. ఆ ఫైలు తెరిచాను. మొదటి పేజీ నాదే. చూస్తూ పోయాను. నాది ఎక్కడ ఆగిందో, ఆయనది ఎక్కడ మొదలైందో తెలియలేదు. రామా, నీకైనా తెలుస్తుందా అని అడిగాను. రాముడు ఎప్పుడూ జవాబు చెప్పడు, దానికి నేనేమీ అనుకోను. కానీ ఆ ప్రశ్న తిరిగి నా దగ్గరికే వచ్చింది. పోయింది నామమేనా? నామం ఎక్కడికి పోతుంది, నోట్లోనే ఉంది. గిన్నెలు తోముతూ అనుకోవచ్చు, పప్పు రుబ్బుతూ అనుకోవచ్చు, ఎవరూ ఆపరు. మరి నిన్నటి నుంచి నాకీ బాధ దేనికి? ఒక మనిషి కాసేపు ఎవరికీ అందకుండా కూర్చోవాలంటే ఈ ఇంట్లో ఏదో ఒక సాకు కావాలి. ఇన్నేళ్లూ నేను రాముణ్ణి తలుపుకు అడ్డం పెట్టుకున్నాను. అది భక్తి కాదని అనలేను. అంతా భక్తేనని కూడా, ఇప్పుడు, అనలేకపోతున్నాను.

తప్పయితే క్షమించు తండ్రీ అనుకుని ఫైలు మూసేశాను. కొత్తది తెరవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

బండి చప్పుడు. ఆయన లోపలికొచ్చాడు. నన్ను చూశాడు, ఖాళీ స్క్రీన్‌ను చూశాడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్తలే. కూసున్న."

"ఊకెనా?"

"ఊకెనే."

"పానం బాగలేదా?"

"మంచిగనే ఉంది."

హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మరైతే ఛాయ్ వెట్టు" అన్నాడు.

లేవక తప్పదని నాకు తెలుసు. అయినా అప్పుడే లేవలేదు.