రబ్బరు బ్యాండు విప్పిన రోజు

రోజూ పొద్దున నందిత కాలాపేట ల్యాబుకి వచ్చేసరికి ఆమె సహాయకుడు అళగేశన్ ఊదా మూతల నెత్తుటి ట్యూబులు స్టాండులో పేర్చి, చుట్టూ రబ్బరు బ్యాండు బిగించి ఉంచుతాడు. లేకపోతే ఒకే ఇంటివాళ్ళ ట్యూబులు ఒకదానివైపు ఒకటి ఒరిగిపోతాయి. తమ్ముడిది అక్క వైపు, కూతురిది తండ్రి వైపు. నెత్తురన్నాక ఆ మాత్రం ఉంటుంది. పడి పగిలితే మళ్ళీ తీయాలి కదా అన్నదే నందిత బాధ. పైగా ఏ వస్తువైనా నిటారుగా ఉంటే గాని ఆవిడకు పని సాగదు.

ఆమె పరిశోధన తలసేమియా అనే నెత్తురు లోపం మీద. పెళ్ళాడే ఇద్దరి నెత్తురులోనూ ఆ లోపం దాగి ఉంటే, వాళ్ళు బాగానే ఉన్నా బిడ్డ పెద్ద జబ్బుతో పుట్టొచ్చు, నెలనెలా నెత్తురెక్కించుకుంటూ బతకాల్సి రావచ్చు. ఒక్కరికే ఉంటే ఆ భయం లేదు. అందుకే విల్లియనూరులో శిబిరం పెట్టి, పెళ్ళికి ముందే పరీక్ష చేయించుకోండని బతిమాలింది.

ఆ శిబిరంలోనే జయమ్మాళ్ మనవరాలు సత్య, మనవడు గురు చేతులు చాపారు. సత్య కూతురి కూతురు, గురు కొడుకు కొడుకు. ఊహ తెలిసినప్పటినుంచీ ఒకరికొకరు అనుకున్నవాళ్ళు. మంటపం కూడా మాట్లాడేశారు. ఇద్దరికీ లోపం ఉందని రిపోర్టు రాసిన రోజు నందితకు అన్నం సయించలేదు.

వారం తిరిగాక జయమ్మాళ్ ఆ రిపోర్టు కొంగున కట్టుకుని వచ్చింది.

"ఏంది పాపా ఇది? పిల్లోళ్ళు కూడు తినకుండా కూసోనుండారు. పెళ్ళి వద్దని చెప్పేయమంటాది సత్య. నా బిడ్డల నెత్తురు యాడుందో చూపియ్యి."

"చూసి ఏం చేస్తావవ్వా? మెషీన్ చెప్పింది కదా."

"మెషీన్ని నేనేమన్నా అంటినా? చూస్తానంటుండా, అంతే."

అళగేశన్ ఫ్రిజ్జులోంచి స్టాండు తెచ్చి బల్లమీద పెట్టాడు. ముసలామె మాట కాదనలేక నందిత బ్యాండు విప్పింది.

గురు ట్యూబు పక్కనే ఉన్న సత్య ట్యూబుకేసి తిరగనైనా లేదు. అటు పక్కనున్న వెట్రివేల్ కూతురు తిలగం ట్యూబు మీదికి హాయిగా వాలిపోయింది. సత్యదేమో వెనక వరసలో ఉన్న ఇంకో ట్యూబుకేసి ఒరిగింది.

"వీడు మావోడు కాదు," అని తేల్చేసింది జయమ్మాళ్.

నందిత ఆ వెనక ట్యూబు తీసి చదివింది. వి. గురు. ముందుదీ వి. గురూనే. జయమ్మాళ్ మనవడు, వెంకటేశన్ కొడుకు ఒకడు, అదే వీధిలో వెట్రివేల్ కొడుకు ఇంకొకడు. తండ్రి పేరుకు ఒక్క అక్షరం చాలని ఊరందరి అలవాటు. ఒకడి నంబరు ఇంకొకడి ట్యూబుకు పడింది. వారం రోజులుగా ట్యూబులు చెప్పాలనే చూశాయి. తనే వాటి నోరు కట్టేసింది.

"తప్పు నాదే అవ్వా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పయితే దిద్దు పాపా. ఏడిస్తే అదే దిద్దుకుంటాదా?"

ఫోన్ చేస్తే గురు గంటలో బైకు మీద వచ్చాడు. కొత్తగా తీసిన ట్యూబు స్టాండులో పెట్టీపెట్టగానే సత్య ట్యూబు మీదికి టిక్కుమని ఒరిగింది. అళగేశన్ నవ్వాడు. అయినా నందిత దాన్ని మెషీన్‌కిచ్చి, ఫలితం వచ్చేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. గురు నెత్తురులో ఏ లోపమూ లేదు. చెబుదామని వెళ్తే, "మంటపానికి అప్పుడే ఫోన్ చేసేసినా," అంది జయమ్మాళ్.

లోపం ఉన్నది రెండో గురుకేనన్న సంగతి ఫోన్లో చెప్పడానికి నందితకు మనసొప్పలేదు. ముందు వాడికీ మళ్ళీ నెత్తురు తీసి చూసుకుని, తనే బస్సెక్కి వెట్రివేల్ ఇంటికి వెళ్ళింది.

"ఇంక మావోడికి పిల్ల దొరకదా?" అని అడిగింది వాడి తల్లి సౌభాగ్యం.

"ఎందుకు దొరకదక్కా? ఆ పిల్లకూ ఒక పరీక్ష చేయించు, చాలు."

"అంతేనా?" అని సౌభాగ్యం కాఫీ పెట్టడానికి లేచింది.

పెళ్ళి పత్రికలో వరుడి తండ్రి పేరు పూర్తిగా వేయించారు. పీటల మీద ఫోటో తీసేవాడు ఇద్దర్నీ నిటారుగా కూర్చోమని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ సత్య గురు వైపే ఒరిగింది. నాలుగోసారి వాడు నోరు తెరవబోతుంటే ముందు వరసలోంచి నందిత అరిచింది.

"అట్నే ఉండనీప్పా!"