స్టీలు బల్ల మీద నీలం కవరు

రత్నమాణిక్యం ఇంట్లో కొత్త వస్తువుకి గాలి తగిలే భాగ్యం ఉండదు. ఫ్రిజ్ కొని ఏళ్ళు గడిచినా తలుపు మీద స్టిక్కరు అలాగే ఉంది. టీవీ రిమోట్ ప్లాస్టిక్ సంచిలోంచే పనిచేస్తుంది. ఎవరైనా నవ్వితే, "కవరు తీసేస్తే కొత్తదెలా అవుతుందండీ?" అని ఎదురు అడుగుతుంది.

నరసాపురంలో ఆవిడ పెట్టే రొయ్యల పచ్చడికి మంచి పేరుంది. పెరట్లో రేకుల షెడ్డు వేసి, నలుగురు ఆడవాళ్ళని పనిలో పెట్టుకుంది. రొయ్యలు ఒలిచే చెక్క బల్ల నీచు పీల్చుకుని ఎంత కడిగినా వదలడం లేదని, ముచ్చటపడి స్టీలు బల్ల చేయించింది. బల్ల దింపిన చిట్టియ్య పనివాళ్ళందరూ వినేలా చెప్పాడు.

"స్టీలు వాసన పీల్చుకోదండి. పని అయ్యాక సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళు పోసి, పొడిగుడ్డతో తుడిచేయండి. ఇనప పీచు పెట్టి తోమకండి, బ్లీచింగు పొయ్యకండి. గీతలు పడకుండా పైన అంటించిన ఈ నీలం ప్లాస్టిక్ కవరు మాత్రం ఇవాళే పీకేయండి."

చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది, కవరు పీకడం తప్ప. తళతళలాడే స్టీలు మీద కత్తిగీత పడితే చూసి తట్టుకోగలదా? రోజూ సబ్బుపెట్టి కడిగేది, పొడిగా తుడిచేది. కడిగిందంతా కవరునే.

వానలు పట్టాక షెడ్డులో ఏదో కంపు మొదలైంది. రొయ్యల నీచు కాదది, కుళ్ళు కంపు. అంతలో పాలకొల్లు కొట్టాయన పచ్చడి పాడైందని సీసాలన్నీ తిప్పి పంపాడు. రత్నమాణిక్యానికి తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా, సంపూర్ణమ్మ మీద పడింది. పొద్దున్నే చేపల బజారులో ఎండుచేపలు అమ్మి, అటునుంచి అటే పనికి వచ్చే మనిషి ఆ నలుగురిలో ఆవిడ ఒక్కతే.

"నీ చేతులు ఇలా పట్టు" అంది అందరిముందూ.

సంపూర్ణమ్మ రెండు చేతులూ చాపింది. రత్నమాణిక్యం వాసన చూసి మొహం తిప్పుకుంది. "ఈ చేతులతోనా నువ్వు జనం తినే సరుకు ముట్టుకునేది? రేపట్నుంచి రావద్దు."

"కడుక్కునే వస్తానండి, సబ్బు పెట్టే కడుక్కుంటానండి" అంది సంపూర్ణమ్మ. చాపిన చేతులు చీరలో దాచుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళింది గానీ కంపు వెళ్ళలేదు. పనివాళ్ళు రాని ఆదివారం రత్నమాణిక్యం బల్ల తుడుస్తుంటే, ఓ మూల కవరు అంచు గోటికి తగిలి పైకి లేచింది. పట్టుకుని లాగింది. కత్తిగాట్ల గుండా దిగిన రొయ్యల నీళ్ళు కింద నల్లగా జిగురు కట్టి ఉన్నాయి. ఒక్కసారిగా వచ్చిన వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. విషయం అర్థమయ్యేసరికి సిగ్గుతో చచ్చిపోయింది.

చచ్చిపోయిన మనిషి మొదట చేసిన పని మాత్రం షెడ్డు తలుపు గడియ పెట్టడం. కవరంతా పీకి, పెరటి మూల కాల్చేసింది. బల్లని వేడి సబ్బునీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగింది. స్టీలుకి పాపం ఏమీ కాలేదు, తుడవగానే అద్దంలా మెరిసింది.

మర్నాడు పనివాళ్ళు బల్ల చూసి మురిసిపోయారు. వాళ్ళలో పెద్దదైన వీరవేణి గట్టిగా గాలి పీల్చి, "సంపూర్ణమ్మ పోయింది, కంపూ పోయిందండి" అంది. అందరూ నవ్వారు. రత్నమాణిక్యం "ఊఁ" అంది.

ఆ "ఊఁ" ఆవిడ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అన్నం సయించలేదు. బల్ల తుడిచినప్పుడల్లా అందులో కనిపించే తన మొహం చూడలేకపోయేది. చివరికి ఓ మధ్యాహ్నం, పనివాళ్ళని షెడ్డులోనే వదిలి, చర్చి వెనక వీధిలో ఉన్న సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళింది.

వాకిట్లో చిన్నపిల్ల పప్పన్నం ముందు పెట్టుకుని పేచీ పెడుతోంది. సంపూర్ణమ్మ మనవరాలు దీవెన. "ముద్ద పెట్టు అమ్మమ్మా" అంటోంది. "స్పూనుతో తిను తల్లీ" అంటోంది సంపూర్ణమ్మ. రత్నమాణిక్యాన్ని చూసి గబగబా లేచి కుర్చీ వేసింది.

"అమ్మమ్మ చేతులు కంపంటండి. అందుకని నాకు ముద్దలు పెట్టట్లేదు" అని పిల్ల ఫిర్యాదు చేసింది.

రత్నమాణిక్యానికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కూర్చోలేదు. కవరు సంగతి, కాల్చేసిన సంగతి నిలబడే చెప్పేసింది. "తప్పంతా నాది సంపూర్ణమ్మా. నీ చేతుల్లో ఏమీ లేదు."

సంపూర్ణమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. "నిజమేనేమో అనుకున్నానండి. నిమ్మతొక్కలు పెట్టి రుద్దుకునేదాన్నండి." మెల్లిగా అడిగింది. "ఆ రోజు అందరిముందూ అన్నారు కదండి. ఈ మాట వాళ్ళకి చెప్పారాండి?"

రత్నమాణిక్యం అక్కడికక్కడే ఫోన్ తీసి వీరవేణికి కలిపి, స్పీకర్ పెట్టింది. అందర్నీ దగ్గరికి పిలవమంది. "సంపూర్ణమ్మ తప్పేం లేదర్రా. ఆ కంపు నేను పీకని కవరు కిందిది. చూసి కూడా మీకు చెప్పకుండా దాచాను."

"మీరిప్పుడు సంపూర్ణమ్మ ఇంట్లో ఉన్నారాండి?" అంది వీరవేణి.

"అవును."

"అదీ సంగతి!" వీరవేణి నవ్వింది. "ఎంత మంచి మనసండీ మీది! ఆవిడ తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. పాపం రమ్మనండి, మేమేం అనంలెండి. చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కుని రమ్మనండి."

"కాదు వీరవేణీ, ఒట్టు. నా మాట నమ్ము."

"సర్లెండమ్మా, మీ సంగతి మాకు తెలీదా?" అవతల అందరూ ముచ్చటగా నవ్వుతున్నారు. చూపిద్దామంటే ఆ కవరు ఎప్పుడో బూడిదైపోయింది.

రత్నమాణిక్యం ఫోన్ పెట్టేసింది. తలెత్తి సంపూర్ణమ్మ మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. దీవెన ముద్ద కోసం నోరు తెరిచి కూర్చుంది. సంపూర్ణమ్మ చెయ్యి కంచం దాకా వెళ్ళి ఆగింది. తర్వాత స్పూను తీసి మనవరాలి చేతికిచ్చింది.