పిక్క మొదలుకి నీళ్ళు

తూము గది గోడ మీద మామయ్య బొగ్గుతో రాసిపెట్టిన పనులు ఇవి:

మడుగు మధ్యలో రెల్లు కోసెయ్యాలి, నక్క దాక్కోకుండా.
కోత అయిన చేలు అప్పుడే దున్నొద్దని రైతుల్ని బతిమాలాలి. రాలిన గింజే వాటి తిండి.
కుక్కల్ని కట్టెయ్యమనాలి.
కరెంటు తీగలకి ఎర్ర పళ్ళేలు కట్టించాలి, ఎగిరేటప్పుడు తీగలు కనబడేలా.
నీళ్ళు పిక్క మొదలుకి పట్టాలి. ఎక్కువ వద్దు.

ఇవన్నీ బెగ్గురు కొంగల కోసం. మంచు దేశాల నుంచి చలికాలానికి వచ్చే పొడుగు కాళ్ళ పక్షులవి. ఈ దారిన వచ్చే గుంపులో నలభై మూడే మిగిలాయి. పగలు చేలల్లో ఏరుకు తింటాయి, పొద్దు గూకితే మడుగులో నిలబడి నిద్రపోతాయి. చుట్టూ నీళ్ళుంటే నక్క అడుగేసిన చప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. నీళ్ళు లోతైతే మాత్రం చచ్చినా దిగవు.

ముప్పై ఏళ్ళు ఆ తూము తిప్పిన మామయ్య వేసవిలో పోయాడు. పని మేనకోడలి చేతికొచ్చింది. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. దానికి తోడు ప్రతిదీ టేపు పెట్టి కొలిచే అలవాటు. అందుకే ఆఫీసులో అందరూ "కొలబద్ద" అనేవాళ్ళు.

పనులన్నీ తు.చ. తప్పకుండా చేసింది. కరెంటాఫీసుకి మూడు ఉత్తరాలు రాస్తే సగం తీగలకి పళ్ళేలు కట్టారు, తక్కిన సగం వచ్చే వారం అన్నారు. ఇక నీళ్ళు. మడుగులో పాత కొలత రాయి ఒండులో కూరుకుపోయి ఏళ్ళయింది. మామయ్య నీళ్ళలో దిగి, తన కాలు చూసుకుని తూము మూసేవాడు. ఆమె కూడా మామయ్య పాత ప్యాంటు తగిలించుకుని దిగింది. చదువుకున్న మనిషి కదా, ఒడ్డుకొచ్చి కాలికి టేపు పెట్టి, "ఇరవై అయిదు సెంటీమీటర్లు" అని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం నుంచే మడుగులో నడక వినబడసాగింది. చప్... చప్... ఎడమకాలు కాస్త ఈడ్చే నడక. మామయ్య అలాగే నడిచేవాడు. తూము దగ్గర బయల్దేరి, కొంత దూరం వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చేది. చూస్తే ఎవరూ లేరు. నీళ్ళు మాత్రం కదులుతూ ఉండేవి.

"చేప ఎగిరుంటుందిలే," అన్నాడు మడుగు కాపలాదారు.

"చేప కాలీడ్చుకుంటూ నడుస్తుందా?"

"అయితే పట్రా నీ టేపు, కొలబద్దా. దెయ్యం ఎత్తు కూడా రాసుకుందాం."

నవ్వాడు గానీ, మర్నాటి నుంచి పొద్దు వాలాక మడుగు వైపు మొహం పెట్టి కూర్చోవడం మానేశాడు.

నాలుగో రోజు సాయంత్రం కొంగలు వచ్చాయి. అన్నిటికంటే ముందు ఒక జంట, వాటి వెనకాలే గోధుమ రంగు తల ఉన్న పిల్ల. దానికిదే మొదటి ప్రయాణం. కాళ్ళు వేలాడేసుకుని కిందికి దిగాయి. నీళ్ళలో కాళ్ళు మునిగీ మునగగానే ఉలిక్కిపడ్డట్టు లేచాయి. మళ్ళీ దిగాయి, మళ్ళీ లేచాయి. మూడోసారీ అంతే. ఆమె గట్టు మీద నిలబడి, "దిగండమ్మా, దిగండి," అంటూనే ఉంది. వెలుతురు పోతోంది. గుంపు ఇక ఆగలేక చేల అవతలి చిత్తడి వైపు తిరిగింది. పళ్ళేలు కట్టని తీగలు అటే ఉన్నాయి.

టప్‌మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత రెండు గొంతులు, చాలాసేపు.

పొద్దున్నే తీగల కింద చచ్చిపడున్న పిల్లని ఆమే మోసుకొచ్చింది. నిలబడితే తన నడుము దాకా వచ్చే పక్షి, చేతుల్లో బియ్యం సంచంత బరువు కూడా లేదు. కబురు విని మామయ్య భార్య వచ్చింది.

"ఎక్కడ తప్పు చేశానత్తా? ఆయన రాసినట్టే పిక్క మొదలుకి పట్టాను."

అత్త ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవరి పిక్కే?"

ఆమె వంగి తన కాలి కేసి చూసుకుంది.

"ఆయన ప్యాంటు నీకు సగం కాలికే ఆగిపోయిందే, అదైనా చూసుకోలేదా? ఫోటో తీయించుకున్నప్పుడు మీ మామయ్యని ఇటుక మీద నిలబెట్టారు, నా పక్కన పొట్టిగా కనబడకుండా!" అత్త నవ్వబోయి ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకుని మేనకోడలి కాలు పట్టుకుంది. "ముప్పై ఏళ్ళు నూనె రాసిన కాలు ఆయనది, నాకు తెలియదా? ఇదిగో, ఇక్కడికి." ఆమె కొలిచిన చోటికి నాలుగు వేళ్ళ కింద ఆగింది అత్త చెయ్యి.

నీళ్ళు తగ్గేలా ఆమె మధ్యాహ్నం దాకా తూము తెరిచే ఉంచింది. కర్ర దింపి చూస్తే పద్దెనిమిది సెంటీమీటర్లు. రిజిస్టర్లో పాత అంకె కొట్టేసి, పక్కన "నా కాలు కొలిచాను, తప్పు నాదే" అని రాసింది. పై అధికారి చూసి ఇదేం రాత అంటే, జరిగింది అదే సార్ అంది.

ఆ సాయంత్రం కొంగలు ఒక్క చుట్టు తిరిగి దిగాయి. నలభై రెండు. ఒంటికాలి మీద నిలబడి మెడలు రెక్కల్లోకి ముడుచుకున్నాయి. ఆమె అత్తకి ఆ నడక సంగతి చెప్పి, చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంది. రాలేదు.

"ఇంక రాడులే," అంది అత్త. "నీళ్ళు సరిపోయాయిగా."

అత్త మాట నిజమే. మామయ్య మళ్ళీ రాలేదు. కానీ తక్కినవన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోతుంటే, ఆ జంట మాత్రం మధ్యన ఒక పక్షి పట్టేంత చోటు వదిలి నిలబడేది. ఉండుండి ఒకటి పిలిచేది. పిలిచి, ఆకాశం కేసి చూస్తూ ఆగేది. తర్వాత రెండోది పిలిచేది. చలికాలమంతా ప్రతి సాయంత్రమూ ఆమె గట్టు మీద కూర్చుని ఆ పిలుపు విన్నది. లేచి వెళ్ళిపోయే హక్కు తనకు లేదనుకుంది.

నీళ్ళు ఎంత లోతుండాలో మీరు మరిచిపోయినా ఫర్వాలేదు, అది చూసుకునే మనుషులున్నారు. ఆ గోధుమ తల పిల్లని మాత్రం గుర్తుపెట్టుకోండి. దానికి ఆరు నెలలు. అంత దూరం నుంచి, ఎక్కడా దారి తప్పకుండా, రావలసిన చోటికే వచ్చింది.