బాల్కనీ అద్దానికి ఊపిరి

మా ఆయనది కళ్ళద్దాల షాపు. పొద్దస్తమానం ఎవరివో ఒకరి అద్దాలు అందుకుని, నోటితో ఆవిరి పట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూస్తుంటారు. గాజు మీద మరక కనిపిస్తే ఆ మనిషికి ముద్ద దిగదు. అలాంటాయన రెండో అంతస్తులో, బాల్కనీకి ఇనుప చువ్వలకి బదులు అద్దపు పలకలున్న ఇల్లు ఏరికోరి కొన్నారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పలకలు నడుం కన్నా కాస్త ఎత్తు. రెండు పక్కలా స్టీలు స్తంభాలు, వాటికి బిగించిన క్లిప్పులు అద్దాన్ని పట్టుకుని ఉంటాయి. క్లిప్పుకీ అద్దానికీ మధ్య నల్లటి రబ్బరు పట్టీ. పైన పట్టుకోవడానికి కమ్మీ వేస్తామని ఇల్లు కట్టినవాళ్ళు అడిగితే, చూపుకి అడ్డమని ఈయనే వద్దన్నారు.

ఆదివారం వచ్చిందంటే అద్దాల పని. ఎండ పడకముందే మొదలుపెట్టాలి, లేకపోతే సబ్బునీళ్ళు ఎక్కడివక్కడ ఆరిపోయి చారలు కడతాయి. ముందు దుమ్ము దులిపి, గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి, మెత్తటి గుడ్డతో కడిగి, రబ్బరు వైపరుతో పై నుంచి కిందికి లాగుతారు. ఉప్పునీటి మచ్చలుంటే నీళ్ళు కలిపిన వెనిగర్. పీచు ముట్టనివ్వరు, యాసిడ్ మాటే ఎత్తనివ్వరు. అక్కడిదాకా ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు.

అద్దానికి అవతలి వైపు తుడిచేటప్పుడే నా ప్రాణాలు పైకిపోతాయి. స్టూలెక్కి, అద్దం అంచు మీద పొట్ట ఆనించి, సగం మనిషి బయటికి వంగి, చెయ్యి కిందికి వేలాడేసి తుడుస్తారు. కింద సిమెంటు నేల. పొడుగు కర్రకి వైపరు బిగించింది ఒకటి నేనే కొనుక్కొచ్చాను.

"కర్రతో లాగితే గీత మిగులుతుంది," అన్నారు.

"గీత మిగిలితే మిగలనివ్వండి, మీరు మిగిలితే చాలు," అన్నాను.

నవ్వి, దాన్ని తలుపు వెనక పెట్టేశారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మా అత్తయ్య మాతోనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంటుంది, చీకటి పడగానే అద్దం అంచు పట్టుకుని లేస్తుంది. ఆ అంచు కింద నాలుగు వేళ్ళ గుర్తులు పడతాయి. మా ఆయన షాపు నుంచి వస్తూనే అటే చూస్తారు.

"అమ్మా, అద్దం ముట్టుకోకని ఎన్నిసార్లు చెప్పాలి?"

గొంతు పెంచరు. బేరమాడే కొనుగోలుదారుతో మాట్లాడినట్టు, పళ్ళ బిగువున, మర్యాదగా అంటారు. అరిచినా అంత బాధ ఉండదేమో. ఒకసారి అత్తయ్యే కొంగుతో తుడవబోయి ఆ మరక ఇంకా పెద్దది చేసింది. దానికి మళ్ళీ ఇంకో మర్యాద.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, మూలనున్న పలక దగ్గర టక్కుమని చప్పుడు వచ్చింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మా ఆయన చెవి ఆనించి విని, రోగం కనిపెట్టిన డాక్టరులా తలాడించారు.

"క్లిప్పులు మరీ బిగుతుగా ఉన్నాయి. ఫ్రేము స్క్రూ బిగిస్తే కళ్ళద్దం అంచు దగ్గర బీట తీస్తుంది. ఎన్ని చూళ్ళేదు! అద్దానికి ఊపిరాడాలోయ్."

"అది కళ్ళద్దం కాదండీ. వేసినవాణ్ణి ఒక్కమాట అడగండి."

"గాజు సంగతి నాకొకడు చెప్పాలా?"

స్క్రూడ్రైవరు తెచ్చి, ఆ మూల పలకకున్న క్లిప్పుల స్క్రూలన్నీ తలా కాస్త వదులు చేశారు. చప్పుడు ఆగిపోయింది. ఆ పూటంతా ఆయన నడకే మారిపోయింది. నాకూ అద్దాల వ్యవహారమేం తెలుసు? చప్పుడు ఆగింది కదా అని ఊరుకున్నాను. తర్వాత గాలులు వచ్చాయి, వానలు వచ్చాయి.

ఒక శనివారం సాయంత్రం ఏం జరిగిందో మర్నాడు అత్తయ్య చెబితేనే నాకు తెలిసింది. కానీ వరసలో దాన్ని ఇక్కడే చెప్పాలి. ఆవిడ లేద్దామని మూల పలక అంచు పట్టుకుంది. అద్దం తలుపు తెరుచుకున్నట్టు బయటికి జరిగింది. ఆవిడ ఎలాగో వెనక్కి కుర్చీలో పడింది. కాసేపు అలాగే కూర్చుని, తర్వాత గోడ పట్టుకుని లోపలికి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

రాత్రి భోజనంలో రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. మా ఆయన టీవీ ముందుకి వెళ్ళాక నన్ను మెల్లగా అడిగింది.

"అమ్మాయ్, రేపు అద్దాలు తుడుస్తాడా?"

"ఆదివారం కదా అత్తయ్యా, సూర్యుడు మానేసినా ఆయన మానేస్తారా?"

"వానొస్తేనో?"

"వానొస్తే మానేస్తారు."

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి ఆకాశం కేసి చూసి వచ్చింది. మబ్బు జాడే లేదు. ముసలావిడకి వాన మీద ఎందుకంత మనసైందో నాకు అర్థం కాలేదు.

పొద్దున మేం లేచేసరికి ఆవిడ బాల్కనీలో ఉంది. కుర్చీని సరిగ్గా మూల పలక ముందుకి లాక్కుని, స్టూలుకి చోటు లేకుండా కూర్చుంది. మా ఆయన బకెట్టుతో వచ్చి మిగతా పలకలన్నీ ముగించి, ఆవిడ దగ్గరికొచ్చారు.

"లే అమ్మా, ఇదొక్కటీ అయిపోతుంది."

"ఇది శుభ్రంగానే ఉందిరా. ఈ వారానికి వదిలెయ్."

"శుభ్రంగా ఉందా? అవిగో, నీ వేళ్ళు."

"గాలికి కూర్చున్నాను, కాసేపుండనీ."

"గాలి అటు పక్కా వస్తుంది."

చెప్పి చెప్పి, కుర్చీని ఆవిడతో సహా పక్కకి జరిపి స్టూలెక్కారు. తడిగుడ్డ భుజాన వేసుకుని వంగబోతుంటే, గబుక్కున ఆయన చొక్కా వెనక రెండు చేతులతో పట్టుకుని వేలాడినంత పని చేసింది అత్తయ్య.

"వద్దు నాన్నా! అది ఊడిపోయింది! నేనే ఊడగొట్టాను!"

ఆయన స్టూలు దిగి, అరచేత్తో అద్దాన్ని కాస్త నెట్టి చూశారు. అది చప్పుడు లేకుండా బయటికి జరిగింది. క్లిప్పులో రబ్బరు పట్టీ ఒకటి లేనే లేదు. పొట్ట ఆనించి ఉంటే మనిషి, అద్దం కలిసి కింద ఉండేవి.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూని వేళ్ళతో ముట్టుకున్నారు. స్క్రూడ్రైవరు అక్కర్లేకుండానే తిరిగింది. ఆయన మొహం చూశాను, ఆయనకి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. మమ్మల్ని లోపలికి పంపి, తలుపు గడియ పెట్టి, ఆ బాల్కనీ కింద ఎవరూ నడవకుండా కుర్చీ అడ్డం పెట్టడానికి వెళ్ళారు. అద్దాలు బిగించే మేస్త్రీకి ఫోన్ చేశారు. అన్నీ చేశారు, స్క్రూలు వదులు చేసింది తనేనన్న ఆ ఒక్కమాట తప్ప.

నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన నోరు నాది కాదు. కానీ పొద్దుట్నుంచీ మంచం చివర దోషిలా కూర్చున్న ఆ ముసలావిణ్ణి చూస్తుంటే, మా ఆయన మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. పలకని ముందు తాడుతో స్తంభాలకి కట్టి, తర్వాత క్లిప్పులు చూశాడు.

"ఇదెవరు చేశారండీ?"

మేం నోరు తెరిచేలోపే అత్తయ్య గుమ్మం దగ్గర్నుంచి అంది, "నేనే బాబూ. పట్టుకుని లేస్తున్నాను రోజూ. వాడు వద్దంటూనే ఉన్నాడు."

మేస్త్రీ నవ్వాడు. "మీరు పట్టుకుంటే ఊడే పని మేం చెయ్యం పెద్దమ్మా. ఎవరో స్క్రూలు వదులు చేశారు."

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నేనే తిప్పాను. వేసవిలో."

మేస్త్రీ కొత్త రబ్బర్లు వేసి బిగించాడు. ఎండకి చప్పుడు రావడం మామూలేనని, వదులైందని అనుమానం వస్తే ముట్టుకోకుండా పిలవమని, పైన కమ్మీ కూడా వేయించుకోమని చెప్పి వెళ్ళాడు.

అత్తయ్య మొహం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"విన్నావా అమ్మాయ్? నేను కాదట! నేను పాడుచెయ్యలేదట!"

పొద్దున ముట్టని అన్నం పెట్టమని అడిగింది. నేను పళ్ళెం తెచ్చేసరికి మా ఆయన ఆవిడ ఎదుట నిలబడి ఉన్నారు.

"నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా? నేను పోయేవాణ్ణి కదా."

"చెబ్దామనే అనుకున్నా. తిడతావు కదా నాన్నా మరి," అంది ఆవిడ, ఉన్నమాట అన్నట్టు, అన్నం కలుపుకుంటూ.

నెరిసిన జుట్టు మనిషి, ఆవిడ కాళ్ళ దగ్గర కింద కూలబడిపోయారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి తల దించుకున్నారు. నాకు కోపం పోయింది, ఏడుపొచ్చింది. అత్తయ్య మాత్రం, అద్దం పాడుచేసినందుకు కొడుకు సిగ్గుపడుతున్నాడనుకుంది. ఎడమచెయ్యి ఆయన తల మీద వేసింది.

"పోనీలేరా, పొరపాటు ఎవరికైనా వస్తుంది," అంది. "నేనేం తిట్టనులే."